అంబాజీపేట కాటా, లండన్ యాప్

పిల్లాణ్ణి తీసుకుని కోనసీమలోని అంబాజీపేట వచ్చినప్పటి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట: "పిల్లోడు బొత్తిగా చిక్కిపోయాడే అమ్మాయ్! పాలు చాలట్లేదేమో." వాడికి ఐదో నెల. పక్కింటి డబ్బాపాల బుజ్జాయిని చూపించి, "వాడు చూడు, ఎలా ఉన్నాడో" అని అమ్మ కూడా వంత పాడుతోంది. లండన్‌లో మా ఆయన చేసేదీ ఇంచుమించు ఇదే. పిండిన పాలు సీసాతో ఎన్ని మిల్లీలీటర్లు పట్టామో యాప్‌లో ఎక్కిస్తారు. ఇద్దరి టెన్షనూ లోపలికి ఎంత వెళ్లిందనే. వాడి ఒంట్లో శక్తి ఖర్చెంతో ఎవరికీ పట్టదు.

ఆ ఖర్చు కొలవడం తేలికేం కాదు. పెద్దవాళ్లనైతే ప్రత్యేకమైన గదిలో ఉంచి, పీల్చే గాలీ వదిలే గాలీ లెక్కగట్టొచ్చు. పసివాణ్ణి రోజుల తరబడి అలా ఉంచలేం కదా. అందుకే మామూలు వాటికన్నా బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ ఉన్న నీళ్లు కొంచెం తాగిస్తారు. వాటిలో రేడియేషన్ ఉండదు. తర్వాత ఓ వారం పాటు డైపర్‌లో దూది పెట్టి ఉచ్చ పట్టి పరీక్షిస్తారు. హైడ్రోజన్ నీటి రూపంలోనే బయటికి పోతుంది. ఆక్సిజన్ నీటితోనూ, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనూ పోతుంది. ఈ రెండూ తగ్గే వేగంలో తేడా చూస్తే ఎంత కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయిందో, దాన్నిబట్టి ఒంట్లో ఎంత ఇంధనం కాలిందో తెలుస్తుంది. మొన్న నాన్న చేసిందీ ఇలాంటి లెక్కే. కురిడీలు (ఎండు కొబ్బరికాయలు) తూచే కాటా మీద మనవణ్ణి ఎత్తుకుని ఒకసారి, ఒక్కరే ఒకసారి నిలబడి, తేడా చూసి "ఏడు కేజీలు, బ్రహ్మాండం" అని తేల్చేశారు.

1955లో ఎలుకల మీద మొదలైన ఈ పద్ధతి 1982లో మనుషుల దాకా వచ్చింది. తర్వాత పసివాళ్లను కొలిస్తే, పాత లెక్కలు ఎక్కువ వేసినట్టు బయటపడింది. 2004లో అచ్చయిన ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక మొదటి ఏడాది పిల్లలకు కావాల్సిన శక్తిని 1985 నాటి అంకెల కన్నా 12 నుంచి 20 శాతం తగ్గించింది. తల్లిపాల పిల్లలు డబ్బాపాల పిల్లల కన్నా తక్కువ ఖర్చు చేస్తారని కూడా ఈ కొలతల్లోనే తేలింది. ఇక పక్కింటి బుజ్జాయితో పోటీ ఎందుకు?

నాకు బాగా నచ్చింది ఎదుగుదల లెక్క. ఈ పద్ధతి కాలిన శక్తినే చూపిస్తుంది, ఒంట్లో కండగా, కొవ్వుగా చేరిన శక్తిని దానికి విడిగా కలుపుకోవాలి. మొదటి మూడు నెలల్లో మొత్తం అవసరంలో దాదాపు 35 శాతం ఎదుగుదలకే పోతుంది. తర్వాతి మూడు నెలల్లో అది సగమవుతుంది, ఏడాది నిండేసరికి 3 శాతానికి దిగుతుంది. అంటే మొదటి మూడు నెలల్లో పెరిగినంత వేగంగా ఐదో నెలలో బరువు పెరగకపోవడం సహజమే.

ఇదంతా విన్నాక అమ్మ డబ్బాపాల ఊసెత్తడం మానేసింది. నలుగు పెట్టడం మాత్రం ఆపలేదు, నేనూ ఆపమనలేదు. ఆరో నెల నిండాకే అన్నప్రాసన అంటే అమ్మకీ, లండన్‌లో మా ఇంటికొచ్చే హెల్త్ విజిటర్‌కీ పేచీ లేదు. పరమాన్నంలో బెల్లం వెయ్యాలా వద్దా అన్న దగ్గరే ఇంకా బేరం తెగలేదు.