మునగ గింజల జార్ టెస్టులో కంటికి కనిపించనిది

పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధిలో పటికకు బదులు మొక్కల నుంచి తీసిన కొయాగ్యులెంట్లు (నీటిలోని మురికి కణాలను ముద్దకట్టించే పదార్థాలు) వాడవచ్చని చెప్పేవారు సాధారణంగా ఒక ఫొటో చూపిస్తారు. అందులో ఒక బీకరులో మురికినీరు, పక్క బీకరులో తేరిన నీరు ఉంటాయి. ఆ ఫొటో సగం సంగతే చెబుతుందని నా అభిప్రాయం.

నీటిలో తేలాడే మట్టి, కొవ్వు, రంగు కణాలకు ఎక్కువగా ఋణావేశం ఉండటం వల్ల అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అడుగుకు దిగవు. మునగ గింజలోని ధనావేశం గల చిన్న ప్రోటీన్లు వాటికి అంటుకుని ఆ ఆవేశాన్ని తగ్గించడంతో కణాలు కలిసి ముద్దకడతాయి. నాగజెముడు జిగురు, చిల్లగింజ పనిచేసే తీరు వేరు. వాటిలోని పొడవాటి పాలీశాకరైడ్ గొలుసులు (చక్కెర అణువులు వరుసగా కలిసి ఏర్పడినవి) కణాల మధ్య వంతెన వేస్తాయి. అందుకే ఒక నీటికి కుదిరిన గింజ మరో నీటికి కుదురుతుందన్న హామీ లేదు.

పటికతో ఇబ్బందులు నిజమే. మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను హరించడంతో పీహెచ్ పడిపోతుంది, సున్నం కలపాల్సి వస్తుంది, చివరికి నీరు వదలని జిగట మడ్డి మిగులుతుంది. మునగ సారం పీహెచ్‌ను పెద్దగా కదిలించదు, మడ్డి కూడా తక్కువే. అయితే ఆ మడ్డి కుళ్లిపోయే స్వభావం గలదన్నంత మాత్రాన ఎరువుగా వేయవచ్చనుకోకూడదు. నీటిలో క్రోమియం ఉంటే అది కూడా ఆ మడ్డిలోకే చేరుతుంది.

అసలు చిక్కు సారంలోనే ఉంది. మునగ పప్పులో మూడో వంతుకు పైగా నూనె ఉండవచ్చు. దానితోపాటు చక్కెరలు, ఈ పనికి అక్కరకురాని ప్రోటీన్లు కూడా ఉంటాయి. జార్ టెస్టు అంటే ఇదే: లీటరు బీకరులోని వ్యర్థజలంలో సారం పోసి, నిమిషంపాటు వేగంగా, ఆపై 20 నిమిషాలు నెమ్మదిగా కలిపి అరగంట వదిలేస్తే, ముద్దలు దిగి పైనీరు తేరుతుంది, మసక కొలిచే మీటరు సంతోషపెడుతుంది. ఆ తేటనే వడపోసి సీఓడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) చూస్తే మాత్రం, గింజ నుంచి కరిగి వచ్చిన సేంద్రియ పదార్థం వల్ల అది అనుకున్నంత తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. తరువాతి దశలో బ్యాక్టీరియాతో శుద్ధి ఉంటే ఈ సేంద్రియ భారాన్ని అవి తినేస్తాయి కనుక ఆహార పరిశ్రమల నీటికి ఇది పెద్ద అడ్డంకి కాదు. నీటిని బయటికి వదిలే ముందు చివరి మెట్టుగా మునగను వాడాలనుకునేవారికే ఇది తలనొప్పి.

ముందుగా నూనె తీసేస్తే కొంత మేలు. మిగిలిన చెక్కలో నీటిని తేర్చే గుణం పోదు. ఉప్పునీటితో సారం తీస్తే ప్రోటీన్ ఎక్కువగా దిగుతుంది గానీ ఆ ఉప్పు నీటిలోనే ఉండిపోతుంది. (సహజమన్న పేరుతో అమ్మే కొన్ని టానిన్ (చెట్ల బెరడు వంటివాటిలోని వగరు పదార్థం) కొయాగ్యులెంట్లను ఫార్మాల్డిహైడ్‌తో మార్చి తయారుచేస్తారన్నది కూడా గుర్తుంచుకోదగినదే.)

జార్ టెస్టు చేసేవారు ఒక బీకరులో వ్యర్థజలానికి బదులు శుభ్రమైన నీరు పోసి, అదే మోతాదు సారం వేసి, దాని సీఓడీ కొలవాలి. గింజ తనంతట తాను ఎంత భారం మోపుతోందో ఆ ఒక్క అంకెలో తెలుస్తుంది.