కుడి రెక్క దగ్గర ఇంకా 0.9 మిల్లీమీటర్లు

రాత్రి పదకొండున్నరకు రోబో బొమ్మ కీలులో సైకిల్ స్పోకు దూర్చి కొలిస్తే లెక్క సరిపోయింది! బొమ్మ ఛాతీ రెక్కల మధ్య పదిహేను రోజులుగా సతాయిస్తున్న సందుకు కారణం దొరికింది. సందు పూర్తిగా మూసుకోలేదు, కానీ ఎందుకు మూసుకోవడం లేదో ఇప్పుడు తెలుసు. ఆ సంతోషంలోనే ఆఫీసుకు పోయే ముందు కూర్చుని ఇది రాస్తున్నా.

బొమ్మ సంగతి ముందు చెప్తా. కువైట్‌లో ఉండే మా బావ పోయిన నెల తిరుపతికి వచ్చినప్పుడు తెచ్చిన లారీ రోబో ఇది. మడిస్తే లారీ, విప్పితే రోబో అయ్యే ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్లో ఆప్టిమస్ ప్రైమ్ వాయేజర్ బొమ్మను పెంచి పోసిన కాపీ. వాయేజర్ సైజు అంటే దాదాపు 18 సెంటీమీటర్లు, ఇది నిలబెడితే 24.3 ఉంది. డబ్బా మీద ఏ కంపెనీ పేరూ లేదు. ఒరిజినలే కొనుక్కోవచ్చు కదా అని మా బావ కూడా అడిగాడు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పోయింది, 2023లో 70 అయింది. 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు లేనివి ఇక్కడ అమ్మకూడదు. పసిపిల్లల నోట్లో పెట్టుకునే వస్తువులకు ఆ నిబంధన ఉండాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ పెద్దయ్యాక వీటిని ప్రేమించేవాళ్లకు అంగట్లో దొరికేవి తగ్గిపోయాయి. జపాన్ కంపెనీ టకారా టోమీ మాస్టర్‌పీస్ వరస అంటే నాకు ప్రాణం, ధర మాత్రం నా జీతానికి అందదు. అమెరికా కంపెనీ హాస్‌బ్రో స్టూడియో సిరీస్ 2018లో మొదలైనప్పటి నుంచి నా బీరువాలో నాలుగు చేరాయి. డబ్బుకు తగ్గ బొమ్మ అంటే ఇప్పటికీ అదే అంటాను.

ఈ కాపీలో బాగున్నవి: మడమలు బిర్రుగా ఉన్నాయి, నడుము క్లిక్ గట్టిగా పడుతోంది, పొగగొట్టాలు నిటారుగా నిలబడ్డాయి. మెడ బాల్ జాయింట్ వదులుగా వస్తే ఫెవిక్విక్ ఒక్క పూత పూశాను, సరిపోయింది.

ఇక కుడి రెక్క.

ముక్కు లేని, అంటే ఇంజన్ ముందుకు పొడుచుకురాని, లారీ రోబోల్లో అందమంతా ఒక్కచోటే ఉంటుంది. లారీ ముందు అద్దాలే రోబో ఛాతీ. టకారా వాళ్ల డయాక్లోన్ వరసలో 1983లో వచ్చిన లారీనే మరుసటి ఏడు హాస్‌బ్రో ఆప్టిమస్ ప్రైమ్ పేరుతో అమెరికాలో దింపింది. అప్పటి నుంచి ఎన్ని మార్పులు చేసినా, ముక్కు లేని లారీ బొమ్మల్లో చాలావాటికి ఆ ఛాతీనే ఉంచారు. ఈ కాపీలో ఛాతీని రెండు రెక్కలుగా చీల్చారు. లారీగా మార్చేటప్పుడు ముంజేతులు లోపలికి మడిచాక రెక్కలు రెండూ తలుపుల్లాగా మూసుకుని నడిమధ్యన కలవాలి. ఎడమ రెక్క టక్కుమని కూర్చుంటుంది. కుడిది కూర్చోదు. బండి ముఖం మీద పైనుంచి కిందికి ఒక నల్లగీత. దీపం వెనక పెడితే వెలుతురు అందులోంచి కనిపిస్తుంది.

మందం కొలిచే డిజిటల్ వెర్నియర్‌తోనూ, సందులో దూర్చి కొలిచే రేకుల ఫీలర్ గేజ్‌తోనూ కొలిచాను. సందు పైన 1.8, నడిమిన 1.1, కింద 0.4. రెక్క ఎత్తు 42 మిల్లీమీటర్లు. కింద 0.4 అనేది ఈ సైజు బొమ్మకు మామూలే, అచ్చు గీతలాగా కలిసిపోతుంది. బాధంతా పైన ఉన్న మిగతా 1.4తోనే. సందు పొడవునా ఒకేలా ఉంటే లోపల ఏదో అడ్డం పడుతోందని అనుకోవచ్చు. ఇది మేకులాగా పైన వెడల్పు, కింద సన్నం. అంటే రెక్క పక్కకు వాలింది, దగ్గర దగ్గర 2 డిగ్రీలు. ఈ మాట మొదటిరోజే పట్టుకుని ఉంటే వారం మిగిలేది.

నేనేమో ముంజేయి మీద అనుమానపడ్డాను. కుడి పిడికిలికి తుపాకీ పట్టుకునే గాడి ఉంది కాబట్టి అది లావు అనుకున్నా. ముంజేయి మొత్తం బయటికి లాగేసి ఖాళీ గూట్లో రెక్క మూసి కొలిస్తే పైన 1.6. చేతివల్ల పెరిగింది 0.2 మాత్రమే. చేతి తప్పేమీ లేదు.

తర్వాత నాలుక. రెక్క అంచున ఉండి ఎడమ రెక్క గాడిలోకి పోయే చిన్న ముక్కను నేను నాలుక అంటాను. ఎడమ వైపుది 1.95 మందం, కుడిది 2.12. దొరికింది దొంగ అనుకుని 600 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) నిమ్మళంగా రుద్దుతూ 1.98కి తెచ్చాను. చేతిని మళ్లీ లోపల పెట్టి కొలిస్తే 1.8 కాస్తా 1.7 అయింది. రెండు గంటల పనికి 0.1. పైగా ఇంతకుముందు కాస్తయినా పట్టుకునే నాలుక ఇప్పుడు జారుతోంది, బండిని ఎత్తితే రెక్క దానంతటదే తెరుచుకుంటోంది. అరగదీసిన ప్లాస్టిక్కు తిరిగి రాదు. ఇంకెప్పుడూ మొత్తం కొలతలు రాసుకోకుండా కాగితం చేతపట్టను.

మూడోది వేడి. రెక్కే వంకరపోయిందేమో అని వేడినీళ్లలో ముంచి, రెండు గాజు పలకల మధ్య బిగించి రాత్రంతా ఉంచాను. మార్పు సున్నా. ఇందులో నా తప్పు రెండు రకాలు. ఒకటి, ఇది ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్కు. వంద డిగ్రీల దగ్గరికి పోతే గానీ మెత్తబడదు. నేను వాడిన నీళ్లు 70. మెత్తటి వినైల్ కత్తులకు, వేళ్లకు పనిచేసే చిట్కా దీనికి పనిచేయదు. రెండు, రెక్కను గాజు మీద బోర్లా పెట్టి ముందే చూడాల్సింది. తర్వాత పెట్టి చూస్తే 0.1 ఫీలర్ ఏ మూలా దూరలేదు. రెక్క చదునుగానే ఉంది.

రెక్క చదును, చేయి నిర్దోషి, నాలుక ఎడమదాంతో సమానం. ఇక మిగిలింది కీలు. రెక్క బయటి అంచున పైనుంచి కిందికి దూరే స్టీలు పిన్ను ఒకటి ఉంది. దాని తల పైన 0.5 మిల్లీమీటర్ బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఎడమ వైపు పిన్ను మట్టసంగా ఉంది. ఈ తేడా కంటికి కనబడేదే, నేనే ఎరుపురంగు ప్లాస్టిక్కులో గమనించలేదు.

ఇలాంటి పిన్నును ఇంట్లో సుత్తితో కొట్టే ధైర్యం లేక శనివారం సాయంత్రం గాంధీ రోడ్డు పక్క సందులో వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని ముందు పైనుంచి చూశాడు, బొమ్మను తిప్పి కిందినుంచి చూశాడు. ఏమీ మాట్లాడలేదు. స్టీలు చైన్ల కీళ్లు ఊడదీసే సన్నటి పంచ్ తీసి, కొలతకు రెండు మూడు మార్చి చూసుకున్నాడు.

"సామీ, పైపక్క గీతలుండాయి చూడు, తలకాడ. గీతలే ప్లాస్టిక్కును పట్టుకోనుండేది. గీతలున్న పక్కనుంచి కొట్టినామంటే గీతలు బెజ్జమంతా చీల్చుకుంటా పోతాయి, గూడు పగిలిపోతాది. నున్నటి పక్కనుంచి కొట్టాల."

"వాచీ చైనుకు కూడా అంతేనా పెద్దాయనా?"

"చైనుకు లోపలపక్క బాణం గుర్తే ఏసుంటారు. నీ బొమ్మకు ఏసేవాడు యాడుండాడు?"

కింద పాత గడియారం తోలుపట్టా మడిచి పెట్టి, దాని మీద బొమ్మను ఆనించి, చిన్న ఇత్తడి సుత్తితో ఏడెనిమిది దెబ్బలు కొట్టాడు. ఒక్కో దెబ్బకూ మధ్యలో ఆగి చూసుకున్నాడు. పిన్ను 3 మిల్లీమీటర్లు పైకి లేచాక పట్టకారుతో తిప్పుతూ లాగాడు. బల్ల మీది గాజుపలక పైన దాన్ని దొర్లించి నాకు చూపించాడు. తిన్నటి పిన్ను అయితే నున్నగా దొర్లాలి. ఇది ఎగిరెగిరి పడుతూ దొర్లింది. వంగింది! ఫ్యాక్టరీలో వంకరగా కొట్టినప్పుడే వంగి ఉండాలి, తల మొత్తం దిగకపోవడానికీ అదే కారణమై ఉండాలి. యాభై రూపాయలిస్తే ఇరవై వెనక్కిచ్చాడు.

కొత్త పిన్నుకు సైకిల్ స్పోకు. 14 గేజ్ స్పోకు అంటే 2 మిల్లీమీటర్లు, నా వెర్నియర్ మీద 1.96 వచ్చింది. పాత పిన్ను నున్నటి భాగం కూడా అంతే. 24 మిల్లీమీటర్లకు కోసి, కొసలు ఆకురాయితో గుండ్రంగా రుద్ది దూర్చాను. గీతలు లేవు కాబట్టి పైకొసకు నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను. ఫెవిక్విక్ పెట్టలేదు, కారి కీలులోకి పోతే రెక్క శాశ్వతంగా బిగుసుకుంటుంది.

రెక్క మూశాను. పైన 1.7 కాస్తా 0.9! కింద 0.4 అలాగే ఉంది. ఇన్నాళ్లలో ఒకేసారి 0.8 తగ్గడం ఇదే మొదలు. వీధి చివరిదాకా నడిచివెళ్లి టీ తాగొచ్చాను.

వచ్చాక మళ్లీ పట్టుకుంది. పిన్ను తిన్నగా ఉంటే ఆ మిగతా 0.5 ఎక్కడిది? 42 మిల్లీమీటర్ల ఎత్తులో 0.5 అంటే 0.7 డిగ్రీ. కంటితో పట్టుకోలేని వాలు. అప్పుడు తట్టింది, వాలు చిన్నదైతే పుల్ల పొడుగు చేయాలి. కోయని నిండు స్పోకు తీసుకుని, పొట్టి పిన్ను ఊడదీసి, అదే బెజ్జాల్లోంచి దూర్చి పైకి నిలబెట్టాను. బండి నెత్తి నుంచి సరిగ్గా 100 మిల్లీమీటర్ల ఎత్తున మూలమట్టం (నిటారు చూసే పరికరం) ఆనించి కొలిచాను. స్పోకు బయటివైపుకు 1.2 మిల్లీమీటర్లు వాలి ఉంది. 100కి 1.2 అంటే 42కి 0.5. అచ్చంగా అదే! ఎడమ పక్క బెజ్జాల్లో దూర్చి కొలిస్తే 0.1 కూడా లేదు.

అంటే కీలులో పిన్ను దూరే పై చెవి బెజ్జమే అచ్చులో పక్కకు పడింది. పాత పిన్ను వంగింది కూడా అందుకే అయ్యుండొచ్చు, రెండు బెజ్జాలు ఒక వరసలో లేకపోతే బలవంతంగా దిగే పిన్ను ఎటో ఒక పక్కకు ఒంగాల్సిందే. పెంచి పోసిన కాపీల్లో నేను గమనించింది ఒకటుంది. బొమ్మను 1.35 రెట్లు పెంచితే దాంట్లోని చిన్న తేడాలు కూడా పెరుగుతాయి. ఒరిజినల్‌లో వెంట్రుకవాసి అయినది ఇక్కడ వేలిగోరు దూరేంత అవుతుంది.

ఆదివారం పని: పై బెజ్జాన్ని 3 మిల్లీమీటర్ల బిట్టుతో చేత్తోనే తిప్పి వెడల్పు చేయాలి. మిషన్ వద్దు, ఏబీఎస్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది. తర్వాత అరాల్డైట్ నింపి, నిండు స్పోకుకు కొవ్వొత్తి మైనం పూసి దూర్చి, మూలమట్టంతో నిటారుగా నిలబెట్టి 24 గంటలు వదిలేయాలి. మైనం ఉంటే గమ్ము స్పోకును పట్టుకోదు, ఆరాక లాగితే తిన్నటి బెజ్జం మిగులుతుంది. ఎం-సీల్ వాడమని ఒక మిత్రుడు చెప్పాడు. ఇంత సన్నటి గోడకు అది పెళుసు, పిన్ను దించేటప్పుడు పొడి రాలుతుందని నా భయం. అరాల్డైట్‌లో త్వరగా ఆరే రకం కూడా వద్దు, నిటారు సరిచూసుకోవడానికి టైం చాలదు. అరిగిపోయిన నాలుకకు 0.2 ప్లాస్టిక్కు రేకు ముక్క అతికిస్తా.

ఇది కుదిరితే ఛాతీ మూతను నేనే సొంతంగా చేయగలనన్న నమ్మకం వస్తుంది, ఎందుకంటే అసలు కోరిక వేరే ఉంది. అలిపిరి దగ్గర నిలబడితే వరసగా కొండెక్కే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ బస్సులు చూసినప్పుడల్లా అనుకుంటాను, చదునైన ముఖం, డబ్బా ఆకారం, పెద్ద ముందుటద్దం, ఇంతకన్నా మంచి రోబో ఛాతీ ఏముంటుంది? అట్టముక్కలతో 20 సెంటీమీటర్ల నమూనా మొదలుపెట్టాను. కాళ్లు వెనక సగంలో సరిపోతున్నాయి. తల ఎక్కడ దాచాలో తేలడం లేదు, పైకప్పు మీద సామాను కటకటాల కింద 22 మిల్లీమీటర్ల చోటుంది, తలకు 26 కావాలి. అందులో కీళ్లన్నిటికీ స్పోకులే. సైకిల్ షాపులో ఒక కట్ట చెప్పి వచ్చాను, సాయంత్రం తెచ్చుకోవాలి.