షిప్‌యార్డు తాతయ్య, జ్యూస్ డబ్బా పడవ

న్యూజెర్సీ నుంచి సెలవులకి విశాఖ వెళ్లినప్పుడల్లా పిల్లలకి కైలాసగిరి, సింహాచలం, బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూపిస్తాం. చూడాల్సినవే అవన్నీ. కానీ అమెరికాలో పుట్టి పెరుగుతున్న పిల్లలకి అమ్మమ్మ తాతయ్యలతో చనువు పెరగాలంటే చూడటం చాలదు, వాళ్లతో కలిసి ఏదో ఒక పని చెయ్యాలి. మొన్న జూన్‌లో మా నాన్న, మా తొమ్మిదేళ్ల వాడు కలిసి చేసిన బొమ్మ పడవ వల్ల నాకీ నమ్మకం ఇంకా గట్టిపడింది.

మేం వెళ్లేసరికి వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలు వేటకి వెళ్లవు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి. మావాడు ఒక బోటు కేసి అదే పనిగా చూస్తుంటే, దానికి రంగేస్తున్నాయన "ఏటి సూస్తన్నావు బాబూ?" అన్నాడు. వీడికి అర్థమైంది గానీ నోరు పెగల్లేదు. ఇంటికొచ్చాక మాత్రం, "తాతయ్యా, మనం బోట్ చేద్దామా?" అన్నాడు.

నాన్న షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. కిట్ ఎక్కడ కొనాలని మనవడు అడిగితే, ఇంట్లో ఏముందో వెతుకు అన్నారు. లీటరు జ్యూస్ డబ్బా దొరికింది. లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి తొందరగా నానదు. దాన్ని నిలువునా సగానికి కోసి, పైన ఐస్‌క్రీం పుల్లలు పరిచి ఫెవికాల్‌తో అంటించారు. ఆ జిగురు నీళ్లలో ఊరితే వదిలేస్తుంది. అందుకని ఆరాక అతుకుల మీద నాన్న కొవ్వొత్తి కరిగించి పోశారు. కొబ్బరి చీపురు ఈనెలు కలిపి దారం చుడితే తెరచాప కొయ్య, పాత లుంగీ ముక్క తెరచాప. థర్మోకోల్ వద్దే వద్దన్నారు, పూసలుగా రాలి చివరికి సముద్రంలోకే చేరుతుందని. నాదీ అదే మాట.

పెరట్లో తొట్టిలో వదలగానే పడవ పక్కకి పడిపోయింది.

"ఎందుకు పడింది తాతయ్యా?"

"బరువెక్కడుందో నువ్వే చెప్పు నాన్నా."

"పైన. కర్ర, క్లాత్."

"మరి ఎక్కడుండాలి?"

వాడే రూపాయి బిళ్లలు తెచ్చి లోపల అడుగున టేపుతో అంటించాడు, కొయ్య పొట్టిచేశాడు. ఈసారి నిలబడింది. సరుకు లేనప్పుడు పెద్ద ఓడలు కూడా ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుని నిలకడగా వెళ్తాయని నాన్న చెప్పారు. మాటల్లో 1948లో నెహ్రూ చేతుల మీదుగా ఇక్కడే జలప్రవేశం చేసిన 'జల ఉష' సంగతి వచ్చింది. అంత పెద్ద ఓడని నీళ్లలోకి ఎలా తోశారని వీడి ప్రశ్న. నాన్న ఒక చెక్కని తొట్టి అంచుకి ఏటవాలుగా ఆనించి, సబ్బు రాసి, పడవని దాని మీంచి జార్చి చూపించారు. ఇదే చరిత్ర నేను కారులో చెబితే "ఊ" కొట్టి ఊరుకునేవాడు. ఆ పూట మాత్రం భోజనానికి పిలిచినా లేవలేదు. తెలుగు మాట తట్టకపోతే ఇంగ్లీషు మాట వేసి, చేత్తో చూపించి, మళ్లీ తాతయ్యని అడిగాడు. వారం వారం తెలుగు క్లాసులో అక్షరాలొచ్చాయి, సంతోషమే. ఇలా వెంటపడి అడగడం మాత్రం అక్కడ రాలేదు.

సెలవులకి వెళ్లే అమ్మానాన్నలకి నేను చెప్పేదొకటే. రోజూ ఎక్కడికో ఒకచోటికి తిప్పకండి. కొన్ని రోజులు పెద్దవాళ్లకే వదిలేయండి.

ఇంతలో మా ఆరేళ్ల పిల్లకి అమ్మ ఇంకో పడవ గురించి చెప్పింది: కార్తీకం అయిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, అరటి దొప్పలో దీపం పెట్టి నీళ్లలో వదులుతారని. తనకదే కావాలట. అది నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో వస్తుంది, అప్పుడు బడి ఉంటుంది, రాలేం. మా ఊళ్లో అరటి బోదె దొరుకుతుందేమో కనుక్కుంటున్నాను. దొరికితే దొప్ప ఎలా తియ్యాలో అమ్మ వీడియో కాల్‌లో చూపిస్తానంది, బాత్‌టబ్‌లో వదులుతాం.