హారన్ లేని ఘాట్ రోడ్డు

మా కారుకు 18 ఏళ్లు. హైవే మీద మూడు గంటలు ఏకబిగిన వచ్చినా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. ఘాట్ మొదలయ్యాక కష్టాలొచ్చాయి. పైన ఏదో లారీ ఆగిపోయి బండ్లన్నీ నత్తనడక నడుస్తున్నాయి. నాలుగో మలుపు దగ్గర చూస్తే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది.

ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా తిప్పాను. "ఈ ఎండలో హీటరేంటి బావా!" అన్నాడు పక్కనున్న బావమరిది. హీటర్‌లో తిరిగేది ఇంజన్ వేడినీళ్లే. ఆ వేడి కొంత మన మొహానికి కొడితే ఇంజన్‌కి ఆ మేరకు భారం తగ్గుతుంది. చెమటలు కక్కుకుంటూ, రోడ్డు కాస్త వెడల్పున్న చోటికి చేరి ఆపాం.

బానెట్ ఎత్తానో లేదో, మావాడు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీదికి పోయాడు. గట్టిగా అరిచాను. లోపల ఒత్తిడి ఉండబట్టే ఆ నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తిప్పితే ఆ ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. ముప్పావుగంట ఊరికే కూర్చున్నాం. ఆ రోజు చేసిన రిపేర్లలో కష్టమైనది అదే.

కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. హైవే మీద రాని వేడి ఇక్కడెందుకొచ్చింది? వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది, నిదానంగా పోతే ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. బండి ఆపినప్పుడు ఫ్యాన్ చప్పుడు వినిపించలేదని అప్పుడు గుర్తొచ్చింది. అదే హైవే స్పీడులో వేడెక్కి ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లార్చే ఆ నీళ్లు, తగ్గిందనో, వాటిని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు, థర్మోస్టాట్, పట్టేసిందనో, రేడియేటర్ పూడుకుపోయిందనో అనుమానించేవాణ్ని.

ఫ్యూజ్ లాగి చూశాను, లోపలి తీగ బాగానే ఉంది. ఇక రిలే, అంటే ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్చు. ఫ్యూజుల పెట్టె మూత వెనక బొమ్మ చూస్తే హారన్ రిలే కూడా అచ్చం అలాంటిదే. పైనున్న నంబరూ, కాళ్ల అమరికా ఒకటే. దాన్ని తీసి ఫ్యాన్ గూట్లో గుచ్చి తాళం తిప్పాను. ఫ్యాన్ గిర్రున తిరిగింది. పూర్తిగా చల్లారాక రిజర్వాయర్‌లో గీత దాకా నీళ్లు పోసి బయల్దేరాం.

ఫ్యాన్ వచ్చింది, హారన్ పోయింది. ఘాట్ రోడ్డులో హారన్ లేకుండా నడపడం ఎంత టెన్షనో నడిపినవాళ్లకే తెలుసు. మలుపు మలుపుకీ లైట్లు కొడుతూ పోయాను. మావాడు తల బయటపెట్టి "పాం... పాం" అని అరవడం మొదలుపెట్టాడు. వద్దన్నా వినలేదు.

పొద్దున్న బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ కొడితే టక్ మని ఒక చప్పుడు, అంతే. నిన్న నేను రిలేలు కెలికినందుకేనేమో అని గాభరాపడ్డాను. కానీ మీటర్ పెడితే బ్యాటరీ 12.5 వోల్టులు చూపిస్తోంది, అంటే చార్జింగ్ ఉంది. మీటర్ ఒక కొన బ్యాటరీ పోస్టు మీద, రెండోది దానికి బిగించిన క్లాంప్ మీద ఆనించి మావాణ్ని సెల్ఫ్ కొట్టమన్నాను. రెండూ ఆనుకునే ఉన్నాయి కాబట్టి దాదాపు సున్నా రావాలి. 3 దాటింది. కరెంటు అక్కడే ఆగిపోతోంది! క్లాంపు విప్పితే లోపలంతా తెల్లటి బూజు. నెగటివ్ ముందు విప్పి, వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, నెగటివ్ చివర బిగించాను. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

దిగేటప్పుడు బ్రేకుల్ని నమ్ముకోకుండా రెండో గేర్లోనే దించాను. కిందికి రాగానే చేసిన మొదటి పని కొత్త రిలే కొనడం. నేనింకా పెట్టె మూత బిగిస్తూనే ఉన్నాను, మావాడు స్టీరింగ్ దగ్గరికెళ్లి నిన్నటి కసి తీరేదాకా హారన్ కొట్టాడు.