నూట తొంభై ఐదు మీటర్లు

కవిటి మండలంలోని మన బడిలో చదివినన్నాళ్లూ, ఆటల పోటీల నాడు కొబ్బరి చెట్ల నీడన కూర్చుని ఇతరుల చొక్కాలకు కాపలా కాసినవాణ్ణే తప్ప నేను పరుగెత్తి ఎరుగను. అటువంటివాడు నలభై ఎనిమిదో ఏట విశాఖ బీచ్ రోడ్డులో 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాన్ పూర్తి చేశాడంటే నమ్మని సహాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు కనుక, సంచిక సంపాదకులు అడగగానే ఈ వ్యాసానికి ఒప్పుకున్నాను.

శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానం ప్రాంతంలో పుట్టినవారికి మూత్రపిండాల జబ్బు గురించి చెప్పవలసిందేమీ లేదు. మా నాన్నగారు దానితోనే పోయారు. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చున్న మిత్రుడు నలభై నిండకుండానే పోయాడు. డయాలసిస్ ఉచితమే కాని, వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు పడుతుంది. తోడు వెళ్లినవారి కూలి ఆ రోజుకు పోతుంది, ఆటో బాడుగ అదనం. 2018లో తిత్లీ తుపాను కొబ్బరి తోటలను నేలమట్టం చేశాక ఆ బాడుగకే అప్పు చేసిన ఇళ్లు మా వీధిలో ఉన్నాయి. "మందులకంటే దారి ఖర్చుకే చితికిపోయాం అన్నయ్యా" అని మిత్రుడి భార్య ఒకనాడు అన్న మాటే ఈ పరుగుకు మూలం.

కిలోమీటరుకు 500 రూపాయలిస్తే ఆ కిలోమీటరును వారింట పోయినవారి పేరున పరుగెత్తుతానని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రాశాను. మూడో రోజుకే పేర్లు 42 దాటి 61కి చేరాయి. అందరూ ఈ జబ్బుతో పోయినవారు కారు, అయినా ఒకే ఏడాది పదో తరగతి రాసినవాళ్ల ఇళ్లలో ఇన్ని పేర్లా అనిపించి, ఫోను పక్కన పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. కొన్ని కిలోమీటర్లకు ఇద్దరేసి చొప్పున సర్దవలసి వచ్చింది.

అప్పుడు మన లెక్కల మాస్టారు ఫోను చేశారు. "42 అయిపోయాయంటున్నావు, మరి ఆ మిగిలిన 195 మీటర్లు ఎవరికిచ్చావురా?" అన్నారు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో దారి కొలత అంత వచ్చిందనీ, 1921లో అదే ప్రమాణంగా స్థిరపడిందనీ నేను చెప్పబోతే, "చరిత్ర తర్వాత చెబుదువుగాని, ఆ ముక్క అమ్మగారి పేరున రాయి" అన్నారు. పరీక్షల రోజుల్లో మనకు మజ్జిగ పోసిన అమ్మగారు పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

సాధనకు ముందు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకున్నాను. వైద్యుడు ఒప్పుకుంటూనే, ఎంత నొప్పి ఉన్నా నొప్పి బిళ్లలు మింగవద్దనీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయనీ గట్టిగా చెప్పారు. పొద్దంతా తోటలో పనిచేసి వచ్చి నాన్నగారు రాత్రిళ్లు మింగిన బిళ్లలు గుర్తుకొచ్చాయి. జబ్బుకు అవే కారణమని అనను. ఉద్దానం జబ్బుకు ఫలానాది కారణమని ఇంతవరకు తేలనే లేదు.

తెల్లవారుజామున మొదలైన పరుగు 30 కిలోమీటర్ల దాకా సాఫీగానే సాగింది. పరుగుకు శక్తినిచ్చే కండరాల్లోని గ్లైకోజెన్ నిల్వ అడుగంటి కాళ్లు మొరాయించాక, జేబులోని జాబితా తీసి పేర్లు చదువుకుంటూ నడిచాను, దాచడమెందుకు, నడిచాను. 33వది నాన్నగారిది, 34వది మిత్రుడిది. ఒళ్లు తిరగబడేది అక్కడేనని తెలిసే వాటిని అక్కడ పెట్టుకున్నాను, ఆ రెండింటిని మాత్రం నడిచి దాటలేదు. అయిదున్నర గంటలు దాటాక, అమ్మగారి 195 మీటర్లను అడుగులు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాను.

వసూలైన 30,597 రూపాయల 50 పైసలు, రెండు ఊళ్ల రోగులను సోంపేటకు చేర్చే ఆటోకు దాదాపు నాలుగు నెలల బాడుగగా వచ్చాయి. చిల్లర గొడవ ఎందుకని మన కోశాధికారి మాస్టారి వంతును మొదట 98 రూపాయలుగా జమ రాస్తే, ఆయన పుస్తకం తెప్పించుకుని, ఎర్ర సిరాతో కొట్టివేసి 97.50 అని దిద్దారు.