నాయనమ్మ కాగితం నుంచి ఎలిజబెత్ టిల్లీ దాకా

మావారిది అమెరికాలోని ఒహాయో. పెళ్ళైన కొత్తలో ఆయన నాయనమ్మ చేత్తో గీసిన వంశవృక్షం ఒకటి నా చేతిలో పెట్టారు. అన్నిటికంటే పైన ఉన్న పేరు జాన్ హౌలండ్, 1620లో ఇంగ్లండ్ నుంచి తొలి వలసదారుల్ని అమెరికాకు తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన మనిషి. భార్య ఆ వలసకు మొదటి గవర్నర్ అయిన కార్వర్ కూతురని పక్కనే రాసి ఉంది. మా పాప పుట్టాక, ఇందులో ఎంత నిజముందో తేల్చుకోవాలనిపించింది.

మా పుట్టింట్లో తద్దినానికి మూడు తరాల పేర్లు చెబితే చాలు. ఇక్కడ పదమూడు తరాలకు లెక్క తేలాలి, ప్రతి తరానికీ కాగితం కావాలి.

పాప జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాను. 1850 జనాభా లెక్కల వరకు పని చకచకా సాగింది. ఆ ఏడాది నుంచి ఇంట్లో అందరి పేర్లూ రాశారు. అంతకుముందు రాసింది ఇంటి యజమాని పేరొక్కటే. భార్యాపిల్లలు వయసుల వారీగా అంకెలు మాత్రమే. మా ముత్తవ్వల్లో ఒకామె సరిగ్గా అక్కడే మాయమైంది. పుట్టింది మసాచుసెట్స్‌లో అని 1850 లెక్కల్లో ఉంది. పుట్టింటి పేరు ఎక్కడా లేదు. ఏడు నెలలు అక్కడే ఆగిపోయాను. నిద్రలో కూడా ఆమే గుర్తొచ్చేది.

ఊళ్ళోని లైబ్రరీలో పనిచేసే ఒక పెద్దావిడ, "ఆమె కొడుకుల మిడిల్ నేమ్‌లు చూడమ్మా, తల్లి పుట్టింటి పేరు పెట్టడం అప్పట్లో మామూలే" అన్నారు. రెండో కొడుకు మిడిల్ నేమ్ నిజంగానే ఒక ఇంటిపేరు! ఆ ఇంటిపేరుతో అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పెన్షన్ ఫైళ్ళు వెతికాను. 1838 చట్టం కింద ఒక సైనికుడి భార్య వితంతు పెన్షన్ కోసం దరఖాస్తు పెట్టుకుంది. పెళ్ళికి రుజువుగా ఇంటి బైబిల్లోంచి పిల్లల పేర్లున్న పేజీ చించి జతచేసింది. దాని వెనకే కూతురి వాంగ్మూలం ఉంది, ఒహాయోలో ఉంటున్నానని, ఫలానా వారి భార్యనని. స్క్రీన్ మీద ఆ సంతకం చూసి ఏడ్చేశాను.

అక్కడి నుంచి మసాచుసెట్స్ ఊళ్ళ రికార్డులు దారి చూపించాయి. తేదీల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 1752కు ముందు ఇంగ్లండులో, దాని వలసల్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, దాదాపు మన ఉగాది రోజుల్లోనే. హౌలండ్ చనిపోయిన ఫిబ్రవరిని అప్పటివాళ్ళు 1672గా రాస్తే, మన లెక్కకు అది 1673.

మొదటి తరాల పరిశోధన మేఫ్లవర్ వారసుల సంఘం అచ్చువేసిన పుస్తకాల్లో దొరికింది. నాయనమ్మ కాగితంలో పొరపాటు బయటపడింది కూడా అక్కడే. హౌలండ్ భార్య కార్వర్ కూతురు కాదు, ఎలిజబెత్ టిల్లీ. కార్వర్ తర్వాత గవర్నరైన బ్రాడ్‌ఫర్డ్, హౌలండ్ పెళ్ళి సంగతి కూడా రాసిపెట్టిన రాతప్రతి లండన్‌లో దొరికి 1856లో అచ్చయ్యేదాకా చాలామంది కార్వర్ కూతురనే నమ్మారట. పదమూడేళ్ళ వయసులో ఓడ దిగిన ఎలిజబెత్‌కు మొదటి చలికాలంలోనే తల్లీ తండ్రీ పోయారు. తర్వాత పదిమంది పిల్లల్ని కని, 1687లో కూతురి ఇంట్లో కన్నుమూసింది. ఆమె వీలునామా ఇప్పటికీ ఉంది.

నాయనమ్మ కాగితాన్ని అలాగే దాచాను. పాప కోసం కొత్తది గీసి, ప్రతి తరంలోనూ తల్లి పేరు పక్కన పుట్టింటి పేరు కూడా రాశాను.