హిందెలోపెన్ బీరువాలో బందరు గుడ్డ

మా నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. కార్యక్రమాలకు నేనొక్కదాన్నే ఇండియా వెళ్ళొచ్చాను. బడి పోతుందని పిల్లల్ని వాళ్ళ నాన్న దగ్గరే ఉంచేశాను. తీసుకెళ్ళాల్సింది. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆ తర్వాత వీడియో కాల్‌లో అమ్మమ్మను చూసి, ఫోను పక్కన పెట్టి నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగింది: "అమ్మమ్మ బొట్టు పెట్టుకోవడం మర్చిపోయిందా?"

"తాతయ్య లేరు కదమ్మా" అన్నాను.

"లేకపోతే?"

ఏం చెప్పను? ఆ ఆచారం నాకే నచ్చదు. అమ్మను వద్దని చెప్పి చూశాను, వినలేదు. నచ్చని దాన్ని పిల్లకు వివరించబోతే మా అమ్మ మీద చాడీ చెప్తున్నట్టు అనిపించింది. "తర్వాత చెప్తాలే" అని దాటేశాను. ఇక్కడ పిల్లల్ని పెంచేటప్పుడు ఇలా ఎన్ని "తర్వాత"లు పోగుపడతాయో!

మే సెలవుల్లో ఒకరోజు హిందెలోపెన్ వెళ్ళాం. నెదర్లాండ్స్‌లో మేముండే ఆమ్‌స్టెల్‌వేన్ నుంచి ఉత్తరానికి పోయి, సముద్రానికి అడ్డంగా కట్టిన 32 కిలోమీటర్ల కట్ట మీదుగా ఫ్రీస్‌లాండ్ అనే రాష్ట్రంలో దిగాలి. అదో చిన్న రేవు ఊరు. 1225లోనే పట్టణం హోదా వచ్చింది. ఒకప్పుడు ఇక్కడి మగవాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ షావుకార్ల ఓడల మీద నార్వేకు, బాల్టిక్ సముద్రానికి పోయేవాళ్ళు. 1932లో ఆ కట్ట పూర్తయ్యాక ఊరి ముందున్న సముద్రం మంచినీళ్ళ సరస్సు అయిపోయింది. ఇప్పుడు రేవులో ఉన్నవి షికారు పడవలే. ఒడ్డున చెక్క బెంచీ మీద కూర్చుని ముసలి నావికులు కబుర్లు చెప్పుకునేవారట. దాని పేరే 'అబద్ధాల బెంచీ'. మా పిల్లలిద్దరూ దాని మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నారు.

రేవు పని పోయిన రేవు ఊరంటే నాకు కొత్త కాదు. నాది బందరు. మా ఊళ్ళో వలందపాలెం ఉంది, ఫరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. చిన్నప్పుడు రిక్షా వాడికి "వలందపాలెం పోనీ" అని ఎన్నిసార్లు చెప్పానో, వలంద అంటే హాలండ్ అని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. రాళ్ళ మీద చెక్కిన అక్షరాలు అప్పట్లో చదవలేకపోయాను. ఇప్పుడైతే చదవగలను, మా అమ్మాయి ఇంకా బాగా చదవగలదు.

హిందెలోపెన్ మ్యూజియం చర్చి పక్కన, పాత టౌన్ హాల్లో ఉంటుంది. రంగులు వేసిన బల్లలు, ఊయలలు, గోడకు నీలి బొమ్మల పలకలు. ఓడలు వెళ్ళాక ఆడవాళ్ళు పిల్లలతో పెద్ద ఇల్లు తాళం పెట్టి, వెనక నీటి ఒడ్డున 'లికూస్' అనే చిన్న ఇంట్లో వేసవంతా గడిపేవాళ్ళట, పెద్దిల్లు మాసిపోకుండా. అది చదివి మావారు నవ్వారు. మా అమ్మ ముందుగది సోఫాకు దుప్పటి కప్పి మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టేది.

తర్వాతి గదిలో అద్దాల బీరువా ముందు నా కాళ్ళు ఆగిపోయాయి.

లోపల మోకాళ్ళు దాటిన పొడుగు కోటు, ముందు తెరిచి ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని 'వెంత్కె' అంటారు. హిందెలోపెన్ ఆడవాళ్ళ సొంత వేషం అది. ఆ గుడ్డ మాత్రం మాది! తెల్లటి నేల మీద ఎర్ర పువ్వులు, ఒక్కో పువ్వు లోపల చుక్కలు, చుట్టూ సన్నటి నల్లగీత. ఆ గీత ఒకచోట లావుగా మొదలై పోనుపోను సన్నబడి, మళ్ళీ లావైంది. కలం రంగులో ముంచి గీస్తే అలాగే వస్తుంది. పక్కనున్న వివరాల పలక మీద కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, అని రాసి ఉంది. గుడ్డ పేరు డచ్చిలో 'సిట్స్'.

"సిట్స్ అంటే?" అంది అమ్మాయి.

"చీటీ గుడ్డ. మీ అమ్మమ్మ చీటీ లంగా అంటుందే, అదే మాట."

పెద్దాడు నమ్మలేదు. "వాళ్ళ ట్రెడిషనల్ డ్రెస్ కదా, మన గుడ్డ ఎలా అవుతుంది?" అన్నాడు. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టి, 1606 నాటికే బందరులోనూ నిజాంపట్నంలోనూ కొట్లు పెట్టిందని చెప్పాను. నిజాంపట్నాన్ని వాళ్ళు పెటపొలి అనేవారు. కృష్ణ ఒడ్డు నేలల్లో పెరిగే చిరివేరు అనే రంగు వేరు వల్ల మనవాళ్ళ ఎరుపుకు అంత పేరు. నూలు గుడ్డ మీద ఎంత ఉతికినా పోని అలాంటి రంగు యూరప్ అప్పటిదాకా చూడలేదు. తమ నేతగాళ్ళు దెబ్బతింటారని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డను నిషేధించింది, ఇంగ్లండూ తర్వాత అదే పని చేసింది. డచ్చివాళ్ళు నిషేధించలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగిన గుడ్డ ఈ చిన్న ఊరి ఆడవాళ్ళ ఒంటి మీదికొచ్చి, వాళ్ళదే అయిపోయింది.

వాడు ఆ ఏడే బడిలో 'బంగారు శతాబ్దం' పాఠం చదివాడు, డచ్చివాళ్ళు తమ పదిహేడో శతాబ్దపు వైభవాన్ని అలా అంటారు. అందుకే మిగతాదీ చెప్పాను. కరువు ఏళ్ళలో అదే తీరం నుంచి, అదే కంపెనీ వేల మందిని బానిసలుగా కొని బటావియాకు (ఇప్పటి జకార్తా), సిలోనుకు పంపింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ బీరువా ముందు గుడ్డ గురించి మాత్రమే చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. వీడు ఈ దేశంలోనే పెద్దవాడవుతాడు, ఇక్కడే ఓటు వేస్తాడు. రెండూ తెలియాలి.

అమ్మాయి మాత్రం చంకల దగ్గర ఏదో కనిపెట్టింది. "ఇక్కడ పువ్వు కలవలేదమ్మా!" నిజమే. చేతి కింద అరచేయంత ముక్క వేరే గుడ్డది, రంగు చూసి అతికారు. సన్నటి కుట్టు. అంత ఖరీదైన గుడ్డలో ముక్క కూడా పారేయలేదు. పెడనలో, అంటే మా అమ్మ పుట్టింట్లో, గుడ్డను ఎలా తయారుచేసేవారో అప్పుడు దానికి చెప్పాను. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టడం, తుప్పు ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి నానేసి నలుపు చేయడం, ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి చిరివేరుతో బానలో ఉడకబెట్టడం, పారే నీళ్ళలో ఉతకడం. "పాలా?" అని మూడుసార్లు అడిగింది. పటిక పూసినప్పుడు ఎరుపు అసలు కనపడదు, ఉడికాకే పైకొస్తుందంటే కళ్ళు పెద్దవి చేసింది.

మ్యూజియంలో వాలంటీరుగా ఉన్న పెద్దావిడ మా మాటలు విని దగ్గరికొచ్చారు. మేం ఏ భాష మాట్లాడుతున్నామని అడిగారు. హిందెలోపెన్‌కు సొంత భాష ఉంది, పక్క ఊళ్ళలో మాట్లాడే ఫ్రీజియన్ కూడా కాదు. అది మాట్లాడేవాళ్ళు కొన్ని వందల మందే మిగిలారు. తన మనవలకు అర్థమవుతుందనీ, జవాబు మాత్రం డచ్చిలో ఇస్తారనీ చెప్పారు. మావాళ్ళూ అంతేనన్నాను. ఇద్దరం ఓ నిమిషం అలాగే నిలబడ్డాం.

పక్క బీరువాలో అదే కోటు, పువ్వులన్నీ నీలం, తెలుపు. ఎరుపు చుక్క కూడా లేదు. అది ఎవరిదని అమ్మాయి అడిగింది.

"ఇంట్లో ఎవరైనా పోతే అది వేసుకునేవాళ్ళు," అన్నారావిడ. పోయింది ఎవరు, ఎంత దగ్గరివాళ్ళు అనేదాన్ని బట్టి బట్ట మారేదట. గాఢమైన దుఃఖానికి ఒక రకం, కొంత తగ్గాక ఇంకో రకం, నెమ్మదిగా రంగులు తిరిగి వచ్చేవట. వీధిలో ఎదురుపడ్డవాళ్ళు నోరు తెరిచి అడగనక్కర్లేదు, బట్ట చూస్తే తెలిసిపోయేది.

మా అమ్మాయి ఆవిణ్ణి చూసింది, నన్ను చూసింది. తెలుగులో, గొంతు తగ్గించి, "అమ్మమ్మ బొట్టు కూడా అంతేనా?" అంది.

"అంతే అనుకో" అన్నాను. పూర్తిగా అంతే కాదని నాకు తెలుసు. మన దగ్గర భర్త పోయిన ఆడదానికి రంగులు వెనక్కి రానివ్వరు. కానీ ఎనిమిది నెలలుగా నా దగ్గర లేని మాట ఆ పిల్లకు ఆ బీరువాలో దొరికింది. దాని తోటి పిల్లలు తమ ముత్తవ్వలదీ తాతలదీ అని చెప్పుకునే ఊళ్ళోనే దొరికింది. అమ్మమ్మది వింత కాదని అర్థమైంది దానికి. నాకు అది చాలా పెద్ద సంగతి.

ఆ సాయంత్రం కారులోంచే అమ్మకు ఫోను చేశాం. అక్కడ రాత్రి పది. ఫోటోలు పంపితే కళ్ళజోడు తెచ్చుకుని చూసింది. "కలంతో వేసిందే! అచ్చు కాదు. ఆ ఎరుపు చూడవే, ఎన్నేళ్ళయినా నిలబడింది" అంది. నాన్న పోయాక అమ్మ అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

అమ్మాయి ఫోను లాక్కుంది. సగం తెలుగు, సగం డచ్చి, మధ్యలో నన్ను మాటలు అడుగుతూ, నీలం కోటు కథంతా చెప్పింది. ఆఖర్న, "కానీ అమ్మమ్మా, తర్వాత మళ్ళీ ఎర్రది వేసుకుంటారట. నీకెప్పుడు?" అంది.

అమ్మ ఏమీ అనలేదు. ఫోను కట్ అయిందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. తెర మీద ఉంది అమ్మ, కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంటోంది.

"ఆ ఎర్రది ఇంకోసారి చూపించమ్మా" అంది.